కామాఖ్య యాత్రకు కజిరంగాను జోడించేవారికి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి అస్సాం వెళ్ళేవారిలో చాలామంది కామాఖ్య అమ్మవారి దర్శనానికే వెళతారు. ఖడ్గమృగాలుండే కజిరంగా జాతీయ పార్కును ఒక పూటలో చూసి వచ్చేయవచ్చని ప్యాకేజీలో చేర్చుకుంటారు. ఇంట్లోని పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళి వచ్చాక నా అభిప్రాయం చెబుతున్నాను. గువాహటి నుంచి సుమారు 200 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు కారులో కూర్చొని వెళ్ళి ఒక్క సఫారీతో తిరిగి వచ్చేటట్లయితే ఆ ఖర్చు దండగ. రెండు రాత్రులు ఉండి, రెండు వేర్వేరు రేంజీలు (పార్కులోని అటవీ విభాగాలు) చూడగలిగితేనే బయలుదేరాలి.

ముందుగా తేల్చుకోవలసింది నెల. జూన్‌లో కామాఖ్య గుడిలో జరిగే అంబుబాచి మేళాకు వెళ్ళేవారికి కజిరంగా కుదరదు. బ్రహ్మపుత్ర వరద ఏటా పార్కులో చాలా భాగాన్ని ముంచుతుంది. జంతువులు జాతీయ రహదారి దాటి దక్షిణాన ఉన్న కార్బీ ఆంగ్లాంగ్ కొండలకు చేరుకుంటాయి. సాధారణంగా నవంబరు నుంచి ఏప్రిల్ చివరి వరకే సఫారీలు పూర్తిగా నడుస్తాయి. వరద వల్ల జంతువులు చనిపోతున్న మాట నిజమే గాని, అది తెచ్చే ఒండ్రు, బీళ్ళని అక్కడివారు పిలిచే మడుగులను నింపే నీరు లేకపోతే ఆ గడ్డిమైదానాలు క్రమంగా చెట్లతో నిండిపోయి, ఖడ్గమృగానికి మేత కరువవుతుంది. వరద తగ్గాక నవంబరు, డిసెంబరుల్లో గడ్డి జీపుకన్నా ఎత్తుగా ఉండి, పక్కనే ఉన్న జంతువు కూడా కనిపించదు. ఎండిన గడ్డిని అటవీ సిబ్బంది తగలబెట్టిన తరువాత లేత పచ్చిక మొలుస్తుంది కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. పిల్లల పరీక్షలు అడ్డం వస్తాయన్నది వేరే సంగతి.

పార్కులో కోహోరా, బాగోరి, అగరతోలి, బురాపహార్ అని ప్రధానంగా నాలుగు రేంజీలున్నాయి. హోటళ్ళు ఎక్కువగా కోహోరా చుట్టూ ఉన్నందున జనమంతా అక్కడే పోగవుతారు. నన్నడిగితే మొదటి సఫారీ బాగోరిలో చేయాలి. 2022 గణనలో కజిరంగాలో 2,613 ఖడ్గమృగాలు తేలాయి. అందువల్ల కనిపిస్తుందా లేదా అనే బెంగ అవసరం లేదు, ఎంత దగ్గరగా కనిపిస్తుందన్నదే ప్రశ్న. బాగోరిలో దారి పక్కనే ఒక తల్లి, పిల్ల మేస్తూ కనిపించాయి. తల్లి చర్మపు మడతల్లో బురద ఎండి బీటలు వారి ఉంది. గడ్డిని పటపటా తెంపుతున్న చప్పుడు, ఇంజను ఆపాక, జీపులోకి స్పష్టంగా వినిపించింది. రెండో సఫారీకి తూర్పున ఉన్న అగరతోలి. మన నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులను చూసినవారికి అక్కడి బీలు ఒడ్డున పరిచయమైన పక్షులే ఎదురవుతాయి గాని, వాటి వెనక నీళ్ళలో మెడ దాకా మునిగిన అడవి గేదెలు మన వైపు ఎక్కడా దొరకవు. పులి మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

జీపులో ఆరుగురి దాకా కూర్చోవచ్చు. తుపాకీతో అటవీ గార్డు వెంట వస్తాడు. ప్రవేశ రుసుము, జీపు అద్దె, గార్డు, కెమెరా దేనికదే. మేము దిగిన రిసార్టు అన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పింది. రేంజి కార్యాలయం దగ్గర విడివిడిగా కట్టుకున్నప్పుడు అది బాగా తగ్గింది. కాబట్టి విడి లెక్క అడిగి తీసుకోండి. తెల్లవారుజామున జరిగే ఏనుగు సఫారీకి సీట్లు తక్కువ, ధర ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారికి జీపే చాలు, అదీ కుదుపులకు సిద్ధపడితేనే.

బస కోహోరాలో పెట్టుకుంటే బాగోరి, అగరతోలి రెండింటికీ మధ్యలో ఉంటారు. పర్యాటక శాఖ లాడ్జీలు సాదాగా ఉంటాయి, ఖరీదైన రిసార్టులూ ఉన్నాయి. ఏదైనా సరే, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయో ముందే అడగాలి. చలికాలపు పొద్దున తెరిచిన జీపులో గాలి కోసేస్తుంది, స్వెట్టరుతో పాటు మంకీ క్యాప్ తప్పదు. డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి మధ్యాహ్నపు సఫారీ ఒంటిగంటన్నర ప్రాంతంలోనే మొదలవుతుంది. పన్నెండుకల్లా భోజనం పెట్టమని వంటవాళ్ళకు ముందురోజు రాత్రే చెప్పి ఉంచాలి. అన్నానికి, పప్పుకు లోటు లేదు గాని, కూరల్లో ఆవనూనె వాసన మన పెద్దవాళ్ళకు గిట్టదు. మేము తీసుకెళ్ళిన పప్పుల పొడి, ఊరగాయ అక్కరకు వచ్చాయి. చేపల పులుసు తినేవారు మాత్రం టెంగా అనే అక్కడి పుల్లటి చేపల కూరను వదులుకోకూడదు.

తిరుపతి నుంచి చెన్నై వెళ్ళి గువాహటికి విమానం ఎక్కడం సులువు. రైలు ప్రయాణం రెండు రోజులు దాటుతుంది. జోర్హాట్ విమానాశ్రయం కజిరంగాకు వంద కిలోమీటర్ల లోపే ఉంది గాని, కామాఖ్య దర్శనం కూడా కావాలనుకునేవారికి గువాహటే తగినది. పార్కు అంచున సాగే రహదారిపై రాత్రివేళ జంతువులు దాటుతుంటాయి కాబట్టి, తిరుగు విమానం సాయంత్రానికి తీసుకొని, పొద్దున టిఫిను కాగానే బయలుదేరేలా కారు మాట్లాడుకోవాలి.