పొందూరు సన్న ఖద్దరు పంచె: తూకం వేసి కొనండి

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే పంచె చేతికిస్తే ఎవరైనా ముందు చేసే పని వేళ్ల మధ్య నలిపి చూడటం. దాంతో తేలేది తక్కువ. పల్చటి గంజి పట్టించి మడత పెట్టిన బట్ట ఏదైనా వేళ్లకి బాగానే తగులుతుంది. కొట్లో తక్కెడ ఉంటే అందులో వేయమనండి. ఈ బట్ట విషయంలో తూకం చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు.

లెక్క ఇదీ. పౌను నూలులో, అంటే 454 గ్రాముల్లో, 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో నంబరు నూలు. నూరో నంబరంటే పౌనుకి 84 వేల గజాలు. కిలోకి కడితే 169 కిలోమీటర్లు, శ్రీకాకుళంలో కొస పట్టుకుని బయల్దేరితే విశాఖ దాటిపోతుంది. ఇక ఎనిమిది మూరల పంచె, అంటే 4 గజాలు, పన్నా, అంటే వెడల్పు, 50 అంగుళాలు. అంగుళానికి పడుగు (నిలువు) 80 పోగులు, పేక (అడ్డం) 80 పోగులు అనుకుంటే రెండు వైపులా చెరో 16 వేల గజాలు, మొత్తం 32 వేల గజాల నూలు. నూరో నంబరులో దాని బరువు 173 గ్రాములు. నేతలో పోగు ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దిగుతుంది కాబట్టి ఇంకో పది గ్రాములు వేసుకోండి, గంజికి మరో పదీ పదిహేను. 200 గ్రాముల లోపు తూగాలి. అదే నేత 60వ నంబరు నూలుతో నేస్తే ఒట్టి నూలే 290 గ్రాములు దాకా వస్తుంది. చీటీ మీద నూరు అని రాసి, తక్కెడ మీద మూడొందలు చూపిస్తుంటే అడగాల్సిందే.

పోగులు లెక్కపెట్టడానికి పరికరమేమీ అక్కర్లేదు. అట్టముక్కలో అంగుళం చదరంగా కన్నం కోసి బట్ట మీద పెట్టి, సూదిమొనతో జరుపుకుంటూ భూతద్దంలో చూడాలి. పోగులు 80 కాక 70 ఉంటే ఆ మేరకు తూకమూ తగ్గుతుంది. పల్చగా నేసి తేలిక చేసిన బట్టని సన్న నూలు బట్ట అనుకుని కొనేసేవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఇంతకీ ఆ నూలు అంత సన్నగా ఎలా వస్తుందన్నది చూస్తే ధర ఎందుకంతో అర్థమవుతుంది. పొందూరులో వాడేది కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి. ఇవి పొట్టి పోచ (దూది పీచు) దేశవాళీ రకాలు. మిల్లువాళ్లు నూరో నంబరు తియ్యాలంటే పొడుగు పోచ పత్తి వెతుక్కుంటారు, పొట్టి పోచతో ఆ నంబరు జోలికి పోరు. ఇక్కడ ఆ లోటుని చేతి పనితో పూడుస్తారు.

మొదటి పని దువ్వడం. వాలుగ చేప దవడ ఎముకకి సన్నగా, ఒత్తుగా పళ్లుంటాయి. ఆ ఎముకతో గింజ ఇంకా తియ్యని పత్తిని పింజ తర్వాత పింజ దువ్వుతారు. గింజ చుట్టూ చిక్కుపడి ఉన్న పోచలు ఒక దిక్కుకి సర్దుకుంటాయి, ఆకు నలుసులూ పుచ్చు ముక్కలూ రాలిపోతాయి. ఇనుప దువ్వెన పెడితే పోచ తెగుతుంది, చేప పన్ను దాన్ని తెంపకుండా జారనిస్తుంది. తర్వాత చెక్క పలక మీద పరిచి కడ్డీ దొర్లిస్తారు. గింజ ముందుకి జారి బయటపడుతుంది, దూది వెనకే ఉండిపోతుంది. ఆ దూదిని సన్న పుల్లలతో విదిలించి పొంగించి, వింటితో ఏకి, ఏకులుగా (వడకడానికి వీలైన దూది చుట్టలుగా) చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తారు. వడికేటప్పుడు కూడా ఏకు ఆ దొప్పలోనే ఉంటుంది, చేతి చెమట అంటదు.

దువ్వడం తొందరపడి చేస్తే బట్టలో నల్ల నలుసులు మిగులుతాయి. విల్లు ఎక్కువసేపు కొడితే పోచలు చిక్కుపడి చిన్న చిన్న ఉండలు కడతాయి, అవి నూలులోకి ముళ్లలా వస్తాయి. ముసురు రోజుల్లో దూది తేమ పీల్చి పొంగదు. ఎండలు ముదిరాక పోగు పెళుసెక్కి తెగుతుంది. కొన్న బట్ట మీద అక్కడక్కడా ఒక నలుసో ఒక లావు పోగో కనిపిస్తే అది ఈ పనుల జాడే, దానికి పంచె తిప్పి పంపక్కర్లేదు. అరచేతి వెడల్పులో నాలుగైదు ఉండలు తగిలితే మాత్రం ఇంకోటి తియ్యమనండి.

రాట్నం ఒంటి కదురుది, చక్రానికి 24 ఆకులు. సన్న నూలుకి పురి (మెలిక) ఎక్కువ కావాలి: 25వ నంబరుకి అంగుళానికి ఇరవై పురులు చాలితే నూరో నంబరుకి నలభై వరకూ పడతాయి. పురి తగ్గితే మగ్గం మీద తెగుతుంది, మితిమీరితే మెలికలు తిరిగి ముడిపడుతుంది. ఈ కొలతంతా వేళ్లదే. గంటకి 300 గజాలు వస్తాయనుకున్నా మన 32 వేల గజాలకి 107 గంటలు. దువ్వి ఏకిన వేళ ఇందులో లేదు, నేత కూడా లేదు. "ఒక పంచెకి ఇదేటి బాబూ ఇంత రేటు" అని బేరమాడే ముందు ఈ అంకె ఒకసారి తల్చుకోవాలి.

ఉత్తరాంధ్రలో మిల్లంటే నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులే గుర్తొస్తాయి: గేటు, సైరను, షిఫ్టు. పొందూరు ఖద్దరుకి గేటు లేదు. ఇంటి అరుగే దూది ఖాతా (మిల్లులో అయితే విభాగం), పంచ నూలు ఖాతా, నడవలోని గుంట మగ్గం నేత ఖాతా. వడికేది దాదాపు అందరూ ఆడవాళ్లే, అందులోనూ పెద్ద వయసువాళ్లు ఎక్కువ. ఖాదీ సంఘం పత్తి ఇస్తుంది, చిలపలు తీసుకుని కూలి కడుతుంది, ఆ నూలు నేతగాడికి వెళుతుంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించిన రోజుల నుంచీ పొందూరు పేరు బయటికి పాకింది. గాంధీ ఇక్కడి పని చూసి రమ్మని కొడుకు దేవదాసుని పంపారు, తన యంగ్ ఇండియా పత్రికలో రాశారు. 1925లో చరఖా సంఘం పుట్టింది, పదేళ్లకి వడికేవాళ్లకి కనీస కూలి ఉండాలన్న మాట తీర్మానంగా వచ్చింది. పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది, దాని భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. పేరులోనే కార్మికులున్న బట్టల సంస్థలు ఎన్నుంటాయి?

అసలు ఇబ్బంది నూలుతోనే. నేసే చేతులకి సరిపడా ఒంటి కదురు నూలు రావడం కష్టం. దువ్వుడూ ఏకుడూ కలిసిన ఆ పనిలోకి కుర్రవయసు వాళ్లు దిగడం లేదు, చేసిన గంటలకి వచ్చే కూలి చూస్తే వాళ్లని తప్పుపట్టలేం. అందుకే ఖద్దరు కొట్లలో రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పైన చెప్పిన కొండపత్తి నూలుది. రెండోది అంబర్ చరఖా నూలుది: కదుర్లు ఎక్కువ, ఏకులకి బదులు కర్మాగారంలో సిద్ధమై వచ్చిన దూది పేట. రెండూ చట్ట ప్రకారం ఖాదీయే. 1956 నాటి ఖాదీ, గ్రామ పరిశ్రమల కమిషన్ చట్టం కోరేది చేత్తో వడికిన నూలు, చేమగ్గం మీద నేత, అంతే. అంబర్ బట్ట గట్టిది, పోగు సమానంగా ఉంటుంది, ధర తక్కువ, రోజువారీ చొక్కాకి నిజానికి అదే మేలు. కానీ కొండపత్తి ధర పెట్టి అంబర్ బట్ట తెచ్చుకోవడం దండగ.

కొన్ని కొట్లలో చీటీ మీద ఒకే నంబరు రాస్తారు, పడుగుదో పేకదో చెప్పరు. పడుగు అంబర్, పేక కొండపత్తి అయినా ఆ చీటీ అబద్ధం కాకుండా గడిచిపోతుంది. మా దృష్టిలో ఇదే పెద్ద లోపం. రెండు వైపుల నంబరూ విడివిడిగా అడగండి. అంచు చివర నుంచి రెండు దిక్కుల్లో ఒక్కో పోగు లాగి వెలుతురుకి పెట్టి చూడండి: చేతి నూలు ఒకచోట సన్నం, ఒకచోట లావు, రంగు పాల తెలుపు కాకుండా కాస్త మీగడ రంగు. ఎర్రపత్తి అయితే లేత గోధుమ ఛాయ. పోగు అంటించి చూడటం సగం పరీక్షే; పాలియెస్టరు కరిగి గట్టి పూసలా మారుతుంది, పత్తి కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, అయితే మిల్లు పత్తి కూడా అలాగే కాలుతుంది. 2013 ఖాదీ మార్కు నిబంధనల తర్వాత ఖాదీ మార్కు చీటీ లేకుండా ఖాదీ అని అమ్మకూడదు, అదీ చూసుకోండి. చేనేత మార్కు వేరు, అందులో మిల్లు నూలు ఉండొచ్చు.

చొక్కా గుడ్డ కొంటే గజానికి అంగుళం నుంచి అంగుళంన్నర కుంగుతుందని లెక్కేసి తీసుకోండి. కుట్టించే ముందే రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరవేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. ఇది చెయ్యకుండా దర్జీకి ఇచ్చి, మొదటి ఉతుకులో మెడ బిగిసిందని బట్టని తిట్టడం మామూలే. పన్నా అరంగుళం అటూ ఇటూ ఉంటుంది, కొట్లోనే టేపు పెట్టించండి.

బ్లీచింగు వద్దు, మిషన్లో తిప్పడమూ వద్దు. గంజి బాగా పల్చగా, వడగట్టి పెట్టాలి. మీగడ కట్టిన గంజి పోగుల మధ్య అట్టలా ఎండి మడత దగ్గర పోగు పుటుక్కుమంటుంది. కొన్నాళ్లు కట్టకుండా పెట్టెలో పెట్టేట్టయితే గంజి పూర్తిగా వదిలించే పెట్టండి, వెండిపురుగులూ బొద్దింకలూ వచ్చేది ఆ గంజి కోసమే. రెండు నెలలకోసారి తీసి మడత మార్చండి.

పొందూరు స్టేషన్లో పెద్ద బళ్లు ఆగవు, పాసింజరు చూసుకోవాలి, లేదా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి బస్సెక్కాలి. అక్టోబరు 2 నుంచి రాయితీలుంటాయి. సన్న నంబరు పంచెలు కావాలంటే రాయితీ కోసం ఆగకండి, ఆ రోజుల్లో మొదట ఖాళీ అయ్యే అర అదే.