కాన్పూర్ జీను: మూడు రంగుల్లో హవానాకే ఎందుకు ఓటేశాను

కాన్పూర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్ల దగ్గర జనరల్ పర్పస్ (అన్ని రకాల స్వారీకీ పనికొచ్చే) జీను చేయించుకున్నాను. అక్కడి జీన్లకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, విదేశాలకీ వెళ్తాయి. కొలతల సంగతి ముందే తేలిపోయింది. గుర్రం వీపుకి అమరకపోతే ఏ రంగైనా దండగే. ఇక మిగిలిన టెన్షన్ అంతా రంగు గురించే.

నలుపు, హవానా (ముదురు గోధుమ), లండన్ ట్యాన్ (లేత గోధుమ) ఉన్నాయన్నారు. ఫోన్‌లో పంపిన ఫొటోలు చూసి తేల్చుకోలేనని, తోలు ముక్కలు పంపమని అడిగాను. డబ్బులు అడక్కుండా కొరియర్‌లో పంపారు. ఇందుకు వాళ్లకి మంచి మార్కులు పడాల్సిందే.

ముక్కల్ని ట్యూబ్‌లైటు కింద కాదు, ఎండలో గుర్రం భుజానికి ఆనించి చూడండి. మాది బే రంగు ఆడగుర్రం. ఒళ్లు గోధుమ ఎరుపు, జూలూ తోకా నలుపు. ఆ ఒంటి మీద లండన్ ట్యాన్ నిజంగా మెరిసిపోయింది. కానీ నేను కొంటున్నది ఈ రోజు రంగుని కాదు, రెండేళ్ల తర్వాత ఉండబోయే రంగుని. లేత తోలు నూనె, ఎండ, చెమట తగిలేకొద్దీ ముదురుతుంది, అదీ అంతటా ఒకేలా కాదు. రికాబు పట్టీ ఒరిసే చోట, మోకాలు ఆనే చోట ముందు నల్లబడుతుంది. వాన చుక్క పడినా మచ్చ తెలుస్తుంది.

నలుపు డ్రెస్సాజ్ (గుర్రాన్ని సంజ్ఞలతో లయగా నడిపించే పోటీ) వాళ్లకి సంప్రదాయం. ఆ పోటీలకు వెళ్లేవాళ్లు ఇంకేం ఆలోచించక్కర్లేదు. నేను జంపింగ్ నేర్చుకుంటున్నాను, అక్కడ గోధుమ రంగులే ఎక్కువ. పైగా నల్ల తోలు మీద చెమట ఉప్పు తెల్లటి చారలు కడుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో రోజూ అదే పని అవుతుంది.

రంగు కంటే ముందు ముక్క అంచు చూడండి. రంగు తోలు లోపలిదాకా దిగిందో, పైపూతో అక్కడే తెలుస్తుంది. పైపూత అయితే ఒరిసిన చోట లేచిపోతుంది. బెరడుతో పదును చేసిన తోలు లోపల గోధుమ రంగులో ఉంటుంది, క్రోమ్ రసాయనంతో చేసిన దాంట్లో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది. ఉత్తరాదిన తుమ్మ బెరడు వాడితే, మన దక్షిణాదిన తంగేడు బెరడు వాడేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడే! నాకు వచ్చిన హవానా ముక్కలో రంగు బాగా లోపలికి దిగింది. అక్కడితో నా నిర్ణయం అయిపోయింది.

ఇంకో మాట. హవానా అని ఒక్కొక్కరు ఒక్కో రంగుని అంటారు. ఇంతకుముందు ఒక దుకాణంలో హవానా అని ఇచ్చిన కళ్లెం ఎర్రగా వచ్చింది, మార్చమంటే మార్చలేదు. అందుకే ఈసారి రికాబు పట్టీలు, గర్త్ (గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ) కూడా ఇదే వర్క్‌షాప్‌లో, ఒకే విడతలో రంగు వేసిన తోలుతో చేయించాను. అన్నీ చక్కగా కలిశాయి. కుట్టు దారం కూడా తోలు రంగులోనే అడిగాను. తెల్ల దారం నాలుగు రోజులకే మాసిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. కూర్చునే చోట వాడిన మెత్తటి తోలు పక్క రెక్కల కంటే కాస్త లేతగా వచ్చింది. నూనె పట్టించాక తేడా తగ్గింది కానీ పోలేదు. చెప్పిన గడువు కూడా దాటింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది రంగు కారడం. కొత్తలో తడి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ గోధుమ రంగయ్యేది. వాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా తుడుస్తూ ఉండండి, అప్పటిదాకా ముదురు రంగు బ్రీచెసే (స్వారీ ప్యాంటు) వేసుకోండి. నూనె మాత్రం రంగు లేనిదే కొనండి, అదీ కొంచెం కొంచెంగా పట్టించండి.