డిగ్రీతో పాటే బీఈడీ అంటున్నారా? రూపాయి కూడా కట్టకండి

ఆ ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఏ సెంటర్లో చూసినా అదే: ‘నాలుగేళ్లలో బీఎస్సీ బీఈడీ, చదువవ్వగానే మ్యాథ్స్ టీచర్’. మా చెల్లికి లెక్కలంటే ప్రాణం. ఇంటర్ రిజల్ట్ రాగానే నాన్నగారు కొబ్బరి డబ్బులు 60 వేలు పట్టుకెళ్లి ఆ ఫ్లెక్సీ పెట్టిన కన్సల్టెన్సీ వాడికి కట్టేశారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశారు.

అక్కడ ఉన్నది ఉత్త బీఎస్సీ అట. బీఈడీ వేరే రాష్ట్రంలో ‘అటాచ్’ చేస్తారట, పరీక్షలకు వెళ్తే చాలట. బడికెళ్లి ఒక్క పాఠమైనా చెప్పకుండా టీచర్ ఎలా అవుతారో ఆ మహానుభావుడికే తెలియాలి.

నిన్న వెళ్లి, టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఇచ్చిన ఆర్డరు చూపించమన్నాను. నాకు జవాబివ్వకుండా, నాన్నగారి వంక తిరిగి, “ఏం పెద్దాయనా, నువ్వు కొబ్బరికాయలు అమ్మేటప్పుడు సర్టిఫికెట్ ఇస్తావా?” అన్నాడు. ఆఫీసులో కుర్రాళ్లంతా పకపకా నవ్వారు. చెల్లి పక్కనే ఉంది. నాన్నగారు తల ఎత్తలేదు. డబ్బు ఎలాగోలా సంపాదించుకుంటాం గానీ, ఆ నవ్వు నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అయినా మా దగ్గర కాయ కొనేవాడు చెవి దగ్గర ఆడించి చూడందే బేరమే మొదలెట్టడు, ఆ సంగతి వాడికేం తెలుసు!

డబ్బు తిరిగివ్వమంటే రసీదు చూసుకోమన్నాడు. చూస్తే ‘గైడెన్స్ చార్జీలు, వాపసు లేదు’ అని ఉంది. కాలేజీ పేరే లేదు. ఒరిజినల్స్ కావాలంటే మిగతా ఫీజు కట్టాలట. శభాష్.

అసలు ఇలాంటి కోర్సు లేదని కాదండీ. ఐటెప్ అని డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లది నిజంగానే ఉంది, కేంద్రం 2021లో తెచ్చింది. మామూలుగా అయితే మూడేళ్ల డిగ్రీ, ఆ తర్వాత ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఈడీ. ఐటెప్‌లో ఏడాది కలిసొస్తుంది, వీళ్లు ఎర వేసేది ఆ ఏడాదితోనే. కానీ ఐటెప్ సీటుకి కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కన్సల్టెన్సీ వాడు జేబులోంచి తీసి ఇచ్చేది కాదు. పైగా ‘బీఈడీ ఉంటే ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులకీ వెళ్లొచ్చు’ అని ఇంకో కోత. ప్రాథమిక తరగతులకు బీఈడీ సరిపోదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే చెప్పేసింది. హైస్కూల్లో పాఠాలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకైనా గుర్తింపు లేని బీఈడీ పనికిరాదు.

కట్టే ముందు ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు రెండూ చూడండి. ఒరిజినల్స్ చేతికివ్వకండి, జిరాక్సులు చాలు.

సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఇలాగే ఇరుక్కున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే రసీదులు పట్టుకుని రండి, అందరం కలిసి ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, ఆ తర్వాత వాడి ఆఫీసుకి వెళ్దాం.