శ్రీశైలం ట్రిప్: సొంత కారా, డ్రైవర్‌తో అద్దె కారా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రానుపోను దాదాపు 450 కి.మీ. దారిలో ఉమామహేశ్వరం గుడి, మల్లెల తీర్థం జలపాతం బోర్డులు కనబడగానే పిల్లలు ఆపమంటారు. లెక్క మారేది అక్కడే.

ఖర్చు
సొంత కారు: లీటరుకు 15 కి.మీ. ఇస్తే 30 లీటర్లు, పైన టోల్.
అద్దె కారు: చాలాచోట్ల రోజుకు 250–300 కి.మీ. కనీస బిల్లు, డ్రైవర్ బత్తా వేరు. రెండు రోజులకు ఎలాగూ 500 కి.మీ. డబ్బు కడతారు కాబట్టి మల్లెల తీర్థం వెళ్లొచ్చినా పెద్ద తేడా రాదు. ఒక్కరోజులో తిరిగొస్తే ఆ కనీస కి.మీ. ఎలాగూ దాటుతారు కాబట్టి పక్కదారి పట్టిన ప్రతి కి.మీ. బిల్లుకెక్కుతుంది. తెలంగాణ కారు ఆంధ్రలోకి వెళ్తుంది గనక పర్మిట్ పన్ను ఎవరిదో బుకింగ్‌లోనే తేల్చుకోండి.

శ్రమ
సొంత కారు: మల్లెల తీర్థం మెట్లెక్కి వచ్చిన కాళ్లతోనే ఘాట్‌లో నడపాలి.
అద్దె కారు: వెనక సీట్లో కునుకు తీయొచ్చు.

రిస్క్
ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో దిగాలి. కొత్తగా నడిపేవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఏ కారైనా గడువు ఒకటే: అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక కొత్త స్టాప్ పెట్టుకోవద్దు.

ఇద్దరు నడిపేవాళ్లుండి, నలుగురే అయితే సొంత కారు. పెద్దవాళ్లుండి, నడిపేది ఒక్కరే అయితే రెండు రోజులకు అద్దె కారే తీసుకోండి.