పట్నం శివారు సీఎస్‌ఈనా, వరంగల్ ఈసీఈనా, జగిత్యాల ఈఈఈనా: ఏది మేలు?

మా చిన్నమ్మ బిడ్డకు ఈసారి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 22 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. వాళ్లది పరకాల దగ్గర ఊరు, మూడెకరాల పత్తి చేను. "అక్కా, అందరు సీఎస్‌ఈనే తీస్కో అంటున్నరు, నువ్వేమంటవే?" అని ఫోన్ చేసింది. సీఎస్‌ఈ అంటే కంప్యూటర్ సైన్స్, ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్, ఈఈఈ అంటే కరెంటు ఇంజినీరింగ్. పట్నం అంటే మాకు హైదరాబాదే. ఆదివారం పొద్దున బస్సెక్కి పోయాను. అరుగు మీద లాంగ్ నోట్‌బుక్ తెరిచి మధ్యాహ్నం దాకా లెక్కలు వేశాం.

ముందు వరంగల్ ఎన్‌ఐటీ మాట తేల్చేద్దాం. 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన ఈ కాలేజీలో సగం సీట్లు తెలంగాణలో ఇంటర్ పాసైనవాళ్లకే. అయితే దాని దారి వేరు: దేశమంతటికీ పెట్టే జేఈఈ మెయిన్ పరీక్ష రాయాలి, ఆ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌కు పోవాలి. ఎప్‌సెట్ ర్యాంకు అక్కడ చెల్లదు. జేఈఈలో మంచి ర్యాంకు ఉన్న పిల్లలైతే ఏ బ్రాంచీ వచ్చినా వదలొద్దనే నా మాట. మా పిల్లకు అక్కడ అవకాశం లేదు కాబట్టి ఆ పేజీ తిప్పేశాం.

నిరుటి చివరి ర్యాంకుల జాబితాలో కాలేజీ, బ్రాంచీ, కేటగిరీ, అమ్మాయిల గడి చూసుకుంటూ పోతే అందేటట్టున్నవి మూడు రకాలు. ఒకటి, హైదరాబాద్ శివార్లలో ఈ మధ్య పెట్టిన కాలేజీలో సీఎస్‌ఈ డేటా సైన్స్. రెండు, వరంగల్‌లోనే పాత అటానమస్ (సిలబస్, పరీక్షలు తనే చూసుకునే) కాలేజీలో ఈసీఈ. మూడు, జగిత్యాల జిల్లా కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో పెట్టిన జేఎన్‌టీయూ కాలేజీలో ఈఈఈ.

మా చిన్నాయన అడిగింది డబ్బు సంగతి. బీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపు ఉంటే ఫీజు మొత్తం సర్కారు కడుతుంది. దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే 65 వేలు చేతి నుంచే, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. పట్నమైతే హాస్టలు దీనికి అదనం. ఆ 35 వేలు కూడా టైముకు రావు. నేను పట్నం శివార్లలోనే చదివాను. సర్కారు నుంచి ఫీజు బకాయి రాలేదని మా కాలేజీవాళ్లు నా సర్టిఫికెట్లు ఆపితే, బాపు వడ్డీకి తెచ్చి కట్టి విడిపించాడు. ఆ రోజు ఆఫీసు కిటికీ ముందు ఆయన నోట్లు లెక్కపెడుతుంటే పక్కన నిలబడ్డాను, ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఫీజు గడి నింపేటప్పుడు సర్కారు సాయం ఆలస్యమైతే ఇల్లు తట్టుకుంటుందా అని కూడా చూడమంటాను. ఈ లెక్కలో జగిత్యాలే గెలుస్తుంది, జేఎన్‌టీయూ సొంత కాలేజీ కాబట్టి ఫీజు ప్రైవేటుకంటే చాలా తక్కువ. కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీ పెట్టుకునేవాళ్లు మాత్రం తమ బ్రాంచీ రెగ్యులరా, ఫీజు ఎక్కువుండే సెల్ఫ్ ఫైనాన్సా అని ముందే కనుక్కోవాలి.

ఇక చదువు. సోమవారం ఇద్దరం హనుమకొండలో రెండు కాలేజీలు తిరిగాం. మొదటిదాంట్లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమంటే తాళంచెవి కోసం అరగంట వెతికారు. లోపల ఆసిలోస్కోపుల మీద కవర్లు తీయలేదు, బల్ల మీద దుమ్ము. రెండోదాంట్లో బ్రెడ్‌బోర్డుల మీద వైర్లు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి, ఒక సీనియర్ అమ్మాయి సోల్డరింగ్ చేస్తోంది. "బల్లకు ఇద్దరమే ఉంటమా అక్కా?" అని మా పిల్ల అడిగితే, "ముగ్గురం, గని అందరం చేస్తం" అంది. ఈ ఒక్క జవాబు మీద నాకు ఆ కాలేజీ మీద గురి కుదిరింది. బ్రోషర్లో ఎన్ని ఫొటోలున్నా ఇది తెలియదు.

కాగితాల మీద చూడాల్సింది ఇంకోటుంది. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి ఇచ్చేవే: న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచీకి. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉంటే ఏ బ్రాంచీకి, ఎప్పటిదాకా అని అడగండి. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈలో కొత్త పేర్లు పెంచిన కాలేజీలు చాలా ఉన్నాయి. సీట్లు పెంచినంత తేలిగ్గా చెప్పగలిగే సార్లు దొరకరు. పట్నం శివారు కాలేజీ మీద నా అసలు అనుమానం ఇదే.

పట్నానికి న్యాయంగా రావాల్సిన మాట కూడా చెప్పాలి. కంపెనీలు అక్కడున్నాయి, ఇంటర్న్‌షిప్‌లు అక్కడ దొరుకుతాయి, కోడింగ్ మీద ప్రాణం పెట్టే పిల్లలకు తోడు దొరుకుతుంది. మా పిల్లకు కంప్యూటర్ మీద అంత పిచ్చి ఉంటే నేను అటే మొగ్గేదాన్ని. తనకు ఇష్టం ఫిజిక్స్, అందులోనూ కరెంటు పాఠాలు.

అందుకే ఈఈఈ గురించి ఎక్కువ మాట్లాడాను. మన ఉత్తర తెలంగాణలో ఆ చదువుకు పని లేదనడం తప్పు. చెల్పూర్ కేటీపీపీ కరెంటు ప్లాంటు వాళ్ల ఊరికి దగ్గరే, రామగుండంలో ఎన్‌టీపీసీ ప్లాంటు ఉంది, సింగరేణి ఉంది, మనకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు హనుమకొండలోనే ఉంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) నోటిఫికేషన్ వస్తే ఈఈఈ వాళ్లు అర్హులు, బీటెక్ తర్వాత గేట్ పరీక్ష రాస్తే కేంద్ర సంస్థల దారి తెరుచుకుంటుంది. అయితే నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం, ఊరవతలి క్యాంపస్‌కు కంపెనీలు తక్కువ వస్తాయి. చిన్నమ్మ భయం కూడా కొట్టిపారేసేది కాదు: "ఆడపిల్ల, అంత దూరం హాస్టల్ల ఎట్లుంటదే?" వరంగల్ అయితే బస్‌పాస్ మీద పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరుతుంది.

తూకం వేస్తే నా లెక్కలో వరంగల్ ఈసీఈ ముందు, వెంట్రుకవాసి తేడాతో జగిత్యాల ఈఈఈ, ఆ తర్వాతే పట్నం. ఈసీఈ నుంచి సాఫ్ట్‌వేర్‌కు పోవచ్చు, ఎలక్ట్రానిక్స్‌లోనే ఉండొచ్చు.

కానీ మా పిల్ల పెన్ను తీసుకుని జగిత్యాలను పైకి రాసింది. "నాకు గదే ఇష్టమక్కా" అంది. సరేనన్నాను.

కౌన్సెలింగ్‌లో కావాల్సిన కాలేజీలను వరసగా పెట్టే వెబ్ ఆప్షన్లలో చాలామంది చేసే తప్పు, వచ్చేటట్టున్నది పైన పెట్టి ఇష్టమైనది కింద పెట్టడం. కంప్యూటర్ పై నుంచి కిందికి చూస్తుంది, మన ర్యాంకుకు మొదట దొరికిన దగ్గర ఆగిపోతుంది. కింద ఎంత మంచిది రాసినా అటు చూడదు. అందుకే ఇష్టాన్ని బట్టి వరస, చివర్లో తప్పకుండా వచ్చే కాలేజీలు నాలుగైదు. మేం 38 పెట్టాం. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు ఇచ్చే స్పాట్ అడ్మిషన్, కాలేజీ సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే సర్కారు కట్టే ఆ ఫీజు (రీయింబర్స్‌మెంట్) రాదు, కాబట్టి ఆప్షన్లు పెట్టడంలో పొదుపు వద్దు. ఫ్రీజ్ (ఖాయం) చేసే ముందు కాలేజీ కోడు, బ్రాంచీ కోడు ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టాలి. మా దాంట్లో రెండు వరసలు తారుమారై ఉంటే చిన్నాయనే పట్టుకున్నాడు.