హోటల్‌ను చూసి ప్లాటు కొనేవారికి హెచ్చరిక: భూత్పూర్ దారిలో నాకు జరిగిన నష్టం

మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్ల దాటాక భూత్పూర్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ప్లాట్లు చూస్తున్నవారు, ముఖ్యంగా వెంచర్ గేటు పక్కనే కొత్తగా తెరిచిన ఫ్యామిలీ రెస్టారెంట్‌ను చూసి ‘ఊరు ఇటే పెరుగుతోంది’ అని నమ్ముతున్నవారు, బయానా ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. నేను అలా నమ్మే గజం 9,500 రూపాయల చొప్పున 200 గజాలు కొన్నాను. అంతకు ఏడాది ముందు పక్క సర్వే నంబరులో గజం 6,500కే అమ్మారని నాకు రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. తేడా ఆరు లక్షలు. అది మా అమ్మాయి చదువు కోసం దాచిన సొమ్ము.

కాగితాల్లో లోపం లేదు. లేఅవుట్‌కు డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను దెబ్బతిన్నది ధర దగ్గర, ఆ ధరను నా చేత ఒప్పించింది ఆ హోటల్.

ఆదివారం మధ్యాహ్నం సైట్ చూపించడానికి తీసుకువెళ్లినప్పుడు హోటల్ ముందు ముప్పై కార్లకు తక్కువ లేవు, లోపల టేబుల్ ఖాళీ కోసం కుటుంబాలు నిలబడి ఉన్నాయి. ఏజెంటు మా చేతిలో గులాబీ రంగు ఉచిత భోజనం కూపన్లు పెట్టి, “ఇంత పెద్ద హోటల్ వాళ్లు ఊరికే పెడతారా సార్, అన్నీ లెక్క చూసుకునే పెడతారు” అన్నాడు. ఆ మాట మామూలుగా అయితే నిజమే. సొంత డబ్బు పెట్టి అద్దె, జీతాలు మోసేవాడు గిరాకీ చూసుకోకుండా రాడు కాబట్టి, కొత్త హోటల్ కనిపించగానే మనం దాన్ని ఆ ప్రాంతానికి దొరికిన హామీగా తీసుకుంటాం, దాన్ని చూసి ఇంకొందరు వస్తారు, గజం ధర పెరుగుతుంది. మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు మీద 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం లాంటి చోట మనుషులు ముందు వస్తారు, వారి ఆకలిని వెతుక్కుంటూ మెస్సులూ టిఫిన్ సెంటర్లూ తరవాత వస్తాయి. నేను కొన్నచోట మనుషులు రాకముందే హోటల్ వచ్చింది. అది ఎవరి ఖర్చుతో వచ్చిందని నేను అడగలేదు.

ఆ రోజు పిల్లల కోసం సొంత డబ్బుతో ఒక బిర్యానీ పార్సిల్ కట్టించుకున్నాను, ఆ బిల్లు నంబరు 212. బుధవారం సాయంత్రం హద్దు రాళ్లు చూసుకోవడానికి మళ్లీ వెళ్లి అక్కడే టీ తాగాను, ఆ బిల్లు నంబరు 219. ఆ రెండు కాగితాలూ నెలల తరబడి నా ఫైల్‌లో పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఆ రెంటికీ మధ్య డబ్బు కట్టి తిన్న బిల్లులు ఆరే ఉన్నాయన్నది హోటల్ మూతపడ్డాక గానీ నాకు తట్టలేదు. ఆదివారం నిలబడి ఉన్న ఆ కుటుంబాలు మాలాగే కూపన్లతో వచ్చినవే.

ప్లాట్లు దాదాపు అమ్ముడైపోయాక, తెరిచిన ఎనిమిదో నెలలో హోటల్ మూసేశారు. స్థలం వెంచర్ వారిదేననీ, అద్దె తీసుకోలేదనీ, రాసుకున్నది పదకొండు నెలల అగ్రిమెంటేననీ అక్కడ పనిచేసిన వంటమనిషి చెప్పాడు. దీర్ఘకాలం లీజు రిజిస్టరు కావాలి, రిజిస్టరైతే ఆ లీజు సంగతి స్థలం ఈసీలో కనిపిస్తుంది. మీరు ప్లాటు ఈసీతో పాటు హోటల్ ఉన్న స్థలం ఈసీ కూడా తీయించండి. అక్కడ సొంతంగా పెట్టుబడి పెట్టినవాడు దీర్ఘకాలం లీజు లేకుండా వంటగది కట్టుకోడు.

ఇంకొక పొరపాటు కూడా నాదే. ‘హోటల్ చూసి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, రేటు పెరుగుతుంది’ అని ఏజెంటు తొందరపెడితే వారంలోనే నాలుగో వంతు సొమ్ము కట్టాను. రెరా చట్టం 13వ సెక్షను ప్రకారం, విక్రయ ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆలోచించుకోవడానికి కొంత వ్యవధి దొరికేది.

హోటల్ నిజంగానే నడుస్తున్నా హైవే మీద జాగ్రత్త అవసరం. హైదరాబాద్, కర్నూలు, బెంగళూరు మధ్య తిరిగే ప్రయాణికులు తిని వెళ్లిపోతారు, వారి వల్ల రోడ్డుకు గిరాకీ ఉందని తెలుస్తుంది గానీ వెనక ఉన్న లేఅవుట్‌లో ఇళ్లు లేస్తాయని తెలియదు. అందుకే నేను ఇప్పుడు ఎవరు అడిగినా కర్రీ పాయింట్ ఉందేమో చూడమంటున్నాను. సాయంత్రం ఏడు గంటలకు ఉద్యోగాల నుంచి వచ్చేవారు పప్పు, కూర పొట్లాలు కట్టించుకుని పోతున్నారంటే ఆ చుట్టుపక్కల కాపురాలు ఉన్నట్టే. ఏజెంటు కారులో కాకుండా సొంత బండి మీద, మంగళవారమో బుధవారమో ఆ వేళకు వెళ్లి గంటసేపు నిలబడండి. ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో చూడండి.

మా వెంచర్‌లో ఈనాటికీ ఒక్క ఇల్లూ లేవలేదు. బోర్డు తీసేసిన హోటల్ గోడకు వంటగది మసి అలాగే ఉంది. నేను కొన్న ధరకు తిరిగి అడిగినవారు లేరు. ఆ వెంచర్ వారే రోడ్డుకు అవతల రెండో దశ లేఅవుట్ మొదలుపెట్టి, గేటు పక్కన ఈసారి మండి రెస్టారెంట్ కోసం షెడ్డు వేస్తున్నారు, దసరాకు తెరుస్తామని ఫ్లెక్సీ కట్టారు. అక్కడికి భోజనం కూపన్‌తో మిమ్మల్ని పిలిస్తే, తిన్న రోజున మాత్రం టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి.