క్లిప్పులున్న నోట్లో క్లోర్‌హెక్సిడిన్: చిగురు వాపు తగ్గింది, మరక మిగిలింది

చిగుళ్ల విషయంలో ఈ మౌత్‌వాష్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కోపమంతా అది వదిలే మరక మీదే.

క్లిప్పులున్నవాళ్లకు చిగురు ఉబ్బి బ్రాకెట్ (వైరును పట్టి ఉంచడానికి పంటికి జిగురుతో అతికించే చిన్న ముక్క) అంచు మీదికి ఎక్కినా, బ్రష్ తగిలితే రక్తం వచ్చినా డాక్టర్లు ఎక్కువగా రాసేది 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్. బాగా పనిచేస్తుంది. ఉమ్మేశాక కూడా పంటికీ చిగురుకీ అంటిపెట్టుకుని గంటల తరబడి బ్యాక్టీరియాను అణచి ఉంచుతుంది. ఆ అంటుకునే గుణమే మరకకూ మూలం. టీ, కాఫీల్లో రంగు పట్టించే టానిన్లనే పదార్థాలు వచ్చి దానిమీద కూర్చుంటాయి. ఉత్త పళ్లయితే ఒక్క పాలిషింగ్‌తో వదిలిపోతుంది. క్లిప్పులుంటే ముందు రంగెక్కేది బ్రాకెట్ చుట్టూ సన్నగా కనిపించే జిగురు అంచు. అక్కడికి బ్రష్ కుచ్చే సరిగ్గా అందదు, ఇక పాలిషింగ్ కప్పు ఎలా అందుతుంది? కనపడకూడదని ఎక్కువ డబ్బు పోసి సిరామిక్ వేయించుకున్నవాళ్లకైతే ఒళ్లు మండుతుంది. బ్రాకెట్ తెల్లగానే ఉంటుంది, దాని చుట్టూ గోధుమరంగు గీత. రబ్బరు రింగులు పచ్చబడితే మాత్రం ఆ నేరం దీనిది కాదు, సాంబారులో పసుపుది. వాటిని వైరు బిగించేటప్పుడు ఎలాగూ మారుస్తారు.

రెండోది, నాలుకకు ఉప్పు సరిగ్గా తెలియదు. చారు చప్పగా ఉందని వండినవాళ్లతో గొడవ పెట్టుకునే ముందు పక్కవాళ్లను రుచి చూడమనండి. వాడకం మానేశాక రుచి తిరిగొస్తుంది.

మరక తగ్గాలంటే వరుస కుదరాలి. కాఫీ, టిఫిన్ ముందు కానివ్వండి. తర్వాత బ్రష్ చేసి, నీళ్లతో బాగా పుక్కిలించి, అరగంట ఆగండి. పేస్టులో నురుగు కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ ఈ మందును పనిచేయనివ్వదు. వెంటనే పోసుకుంటే సీసా ఖాళీ అవుతుందంతే. మూతతో 10 మి.లీ. కొలిచి, నీళ్లు కలపకుండా, నిమిషంపాటు బుగ్గలు ఆడిస్తూ వైరు సందుల్లోకి పోయేలా పుక్కిలించాలి. ఉమ్మాక ఆ చేదు పోగొట్టుకోవడానికి నీళ్లు పోసుకోవద్దు, అరగంట ఏమీ తినొద్దు. రెండో డోసు పడుకునే ముందైతే మేలు, దాని తర్వాత టీ ఉండదు కదా.

బాగా పనిచేస్తుందన్నాను గానీ, అది పాచి తీసిన పంటి మీద మాటే. మందంగా పేరుకున్న పాచిలోకి ఇది పెద్దగా దిగదు. వైరు కిందుగా సన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను (పళ్ల సందులు తోమేది) పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి దూర్చి ప్రతి బ్రాకెట్‌కూ రెండు పక్కలా తోమాల్సిందే. మామూలు బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా పట్టి బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య ఉన్న సందును విడిగా తోమాలి. పాచి ఊరేది అక్కడే. రక్తం ఆగింది కదా అని ఈ పని మానేస్తే, సీసా అయిపోగానే చిగురు మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఎక్కువకాలం వాడితే గార కూడా ఎక్కువ పడుతుంది. అందుకే మామూలుగా రెండు వారాలకు మించి రాయరు. మిగిలింది పారబోయడం ఎందుకని కొనసాగించకండి.

రోజూ వాడాలనుకుంటే ఆల్కహాల్ లేని 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వేరే ఉంది. చిగుళ్లకు అది చేసేది తక్కువే, బ్రాకెట్ చుట్టూ తెల్లమచ్చలు పడకుండా కాస్తుంది. బ్రష్ చేసిన వెంటనే కాకుండా మధ్యాహ్నం భోజనం తర్వాత వాడితే లాభం. వైరు గుచ్చుకుని బుగ్గ పుండైన రోజుల్లో ఏ సీసా జోలికీ పోకుండా గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు చాలు. ఆ నీళ్లు ఇచ్చే ఉపశమనం నేను అనుకున్నదానికంటే ఎక్కువ.

నావి స్టీలు బ్రాకెట్లు, కాఫీ పొద్దున ఒక్కసారే. కాబట్టి చిగురు ఉబ్బి డాక్టరు రాస్తే మళ్లీ ఇదే కొంటాను. సిరామిక్ వేయించుకుని, ఆఫీసులో గంటకో టీ తాగుతూ, వచ్చే నెలలో పెళ్లి ఫొటోలు దిగాల్సినవాళ్లు మాత్రం వాడే ముందు ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.